పైకి బీడ్, లోపల ఖాళీ: ఒక కొత్త వెల్డర్ మొదటి ఆరు వారాల కేసు

వైస్‌లో బిగించిన టీ జాయింటు, అంటే ఒక ప్లేటు మీద మరొకటి నిలువుగా నిలబెట్టి వెల్డ్ చేసిన ముక్క, రెండో సుత్తి దెబ్బకే విడిపోయింది. బీడ్, అంటే కరిగి గడ్డకట్టిన వెల్డ్ గీత, మాత్రం చూడముచ్చటగా ఉంది. వెడల్పు సమంగా ఉంది, అలలు దగ్గరదగ్గరగా పడ్డాయి, రాడ్డు పూత కరిగి దాని మీద గడ్డకట్టే స్లాగ్ ఒకే పెచ్చుగా లేచింది. విరిగిన ముఖాన్ని వెలుగులో పట్టుకుని చూస్తే, కింది ప్లేటు మీద ఉక్కు మిల్లు నుంచి వచ్చిన నీలినల్లటి పొర అలాగే ఉంది. నిలువు ప్లేటు కోసిన అంచు కరగకుండా, పదునుగా నిలిచి ఉంది. కరిగిన లోహం ఆ మూలలోకి దిగనే లేదు. రెండు పక్కలా కాస్త అతుక్కుని, మధ్యలో వంతెనలా పడుకుంది.

మెషిన్ ఎంపిక, ఎక్స్‌టెన్షన్ వైరు, హెల్మెట్ షేడ్, చేతి కోణం అన్నీ చివరికి ఆ మూల దగ్గరికే వచ్చి చేరాయి. అందుకే ముందు దాన్ని చెప్పాల్సి వచ్చింది.

పని ఏమిటి, ఉన్నవి ఏమిటి

నేర్చుకుంటున్న మహిళకు వడ్రంగం బాగా వచ్చు. కొలత తీయడం, మూలమట్టం పట్టడం, క్లాంపు బిగించడం చేతికి అలవాటైన పనులు. వెల్డింగ్ మాత్రం ఎన్నడూ చేయలేదు. 90 కిలోల బ్యాండ్‌సా కోసం చక్రాలున్న స్టాండు చేసుకోవాలన్నది లక్ష్యం. పై ఫ్రేము 600 × 500 మి.మీ., కాళ్ల ఎత్తు 700 మి.మీ. అంతా 40 × 40 స్క్వేర్ పైపు, గోడ మందం 2 మి.మీ. కాళ్ల అడుగున చక్రాల కోసం 6 మి.మీ. ప్లేట్లు.

మొదటి ప్రాజెక్టుగా ఇది సబబైన ఎంపిక. జాయింటు విరిగితే మెషిన్ ఒరుగుతుంది, మనిషి ప్రాణం మీదికి రావడం అరుదు. ట్రైలర్ కొక్కెం, బరువులెత్తే గొలుసు బిగించే కొక్కెం, గ్యాసు ట్యాంకు వంటివి కొత్తవాళ్లు ముట్టుకోకూడదు. చిక్కు మాత్రం ఈ స్టాండులోనూ ఉంది. 2 మి.మీ. పైపును 6 మి.మీ. ప్లేటుకు అతకాలి. పైపుకు సరిపోయే వేడి ప్లేటుకు చాలదు, ప్లేటుకు చాలే వేడి పైపును తినేస్తుంది.

కరెంటు సింగిల్ ఫేజ్ 230 వోల్టులు, 16 ఆంప్స్ సాకెట్, 16 ఆంప్స్ ఎంసీబీ (భారం మించితే కరెంటు ఆపేసే స్విచ్). పని చేసే చోటు చెక్కపని షెడ్డే. అంటే నేలంతా రంపపు పొట్టు, మూలన డస్ట్ కలెక్టర్.

ఏ పద్ధతి, ఏ మెషిన్

2 మి.మీ. పైపు పనికి మిగ్ హాయిగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే వైరు దానంతటదే వస్తుంది, రెండు పూటల్లో బీడ్ కుదురుతుంది. ఆ సులువులోనే ఒక ఉచ్చు కూడా ఉంది. తక్కువ వోల్టేజీ మీద మిగ్ వేసే బీడ్ చాలా అందంగా ఉంటుంది, కింద లోహం కరగకపోయినా ఆ అందం తగ్గదు. దానికి తోడు కరిగిన లోహాన్ని గాలి తగలకుండా కాపాడే గ్యాసుకు సిలిండర్, రెగ్యులేటర్ కావాలి. నిమిషానికి 10 నుంచి 15 లీటర్ల గ్యాసు తలుపులోంచి వచ్చే గాలికి చెదిరిపోతే బీడ్ నిండా బుడగ రంధ్రాలే. ఈ షెడ్డు తలుపులు తెరవకుండా పని చేయలేం. గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ కోర్ వైరు గాలిని తట్టుకుంటుంది కానీ, చిటపటలు ఎక్కువ, పొగ ఎక్కువ. టిగ్ అందమైన పనే, అయితే ఒక చేత్తో టార్చ్, మరో చేత్తో రాడ్డు పట్టాలి, లోహం అద్దంలా శుభ్రంగా ఉండాలి. మొదటి నెలకు అది బరువు.

కాబట్టి స్టిక్, అంటే పూత ఉన్న రాడ్డే కరిగి జాయింటులో పడే రాడ్డు వెల్డింగ్. ఇన్వర్టర్ డీసీ మెషిన్, అంటే సాకెట్ కరెంటును ఎలక్ట్రానిక్స్‌తో వెల్డింగ్‌కు తగ్గట్టు మార్చేది.

ఏ ఇన్వర్టర్ అన్న దగ్గర అందరూ ముందు ముందరి ప్యానెల్ మీది అంకెనే చూస్తారు. ఇక్కడ రెండు మెషిన్లు పోటీకి నిలిచాయి. ఒకదాని మీద పెద్ద అక్షరాలతో 250, మరోదాని మీద 160. వెనక నేమ్‌ప్లేటు తిప్పి చూస్తే మొదటిది 140 ఆంప్స్ దగ్గర 30 శాతం, రెండోది 160 దగ్గర 35 శాతం. ‘ఎక్స్’ అన్న అక్షరం పక్కన ఉండే ఈ శాతమే డ్యూటీ సైకిల్. ఐఈసీ 60974-1 ప్రమాణం ప్రకారం దీన్ని 10 నిమిషాల లెక్కలో చెబుతారు: 35 శాతం అంటే మూడున్నర నిమిషాలు ఆర్క్ (రాడ్డు కొనకూ లోహానికీ మధ్య వెలిగే విద్యుత్ మంట), ఆరున్నర నిమిషాలు విరామం, అదీ 40 డిగ్రీల ఉష్ణోగ్రతలో. ఆపకుండా ఎంత లాగగలదో ఉజ్జాయింపుగా తెలియాలంటే శాతానికి వర్గమూలం తీసి ఆంప్స్‌తో గుణించాలి. 160 × 0.59, అంటే దాదాపు 95 ఆంప్స్. 250 అన్న మెషిన్‌కు అదే లెక్క 77 దగ్గర ఆగింది.

నిజానికి స్టిక్ నేర్చుకునేవాళ్లు డ్యూటీ సైకిల్ గురించి మరీ అంత బెంగపడక్కర్లేదు. 2.5 మి.మీ. రాడ్డు ఒకటి నిమిషం అటూఇటూగా అయిపోతుంది. స్లాగ్ కొట్టి, బ్రష్ చేసి, బీడ్ చూసుకుని, మళ్లీ రాడ్డు పెట్టేసరికి రెండు మూడు నిమిషాలు గడుస్తాయి. మెషిన్‌కు విరామం దానంతటదే దొరుకుతుంది.

అంతకంటే ముందు చూడాల్సింది ఇన్‌పుట్ కరెంటు. ప్లేటు మీద ‘ఐ1 మ్యాక్స్’ అని ఉంటుంది. ఈ 160 మెషిన్‌కు అది 33 ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీ మీద దాన్ని నిండుగా వాడలేం. మరి ఎంత వరకు వాడొచ్చు? స్టిక్‌లో ఆర్క్ వోల్టేజీని 20 + 0.04 × ఆంప్స్‌గా లెక్కిస్తారు. 90 ఆంప్స్‌కు అది 23.6 వోల్టులు, గుణిస్తే 2.1 కిలోవాట్లు. మెషిన్ సామర్థ్యం 82 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.68 అనుకుంటే సాకెట్ నుంచి లాగేది దాదాపు 17 ఆంప్స్. విడతలు విడతలుగా సాగే పని కాబట్టి ఎంసీబీ ఓర్చుకుంటుంది. 3.15 మి.మీ. రాడ్డుకు 115 ఆంప్స్ పెడితే అదే లెక్క 22 దాటుతుంది. ఈ సాకెట్ మీద 2.5 రాడ్డే హద్దు అని అక్కడే తేలిపోయింది. 6 మి.మీ. ప్లేటుకు అది చాలు.

160 మెషిన్ తీసుకున్నారు. హాట్ స్టార్ట్ ఉంది, అంటే ఆర్క్ రాజేసే క్షణంలో కాస్త ఎక్కువ కరెంటు ఇస్తుంది. రాడ్డు అతుక్కుంటే కరెంటు తగ్గించే యాంటీ స్టిక్ కూడా ఉంది. ఈ రెండూ కొత్త చేతికి బాగా అక్కరకొస్తాయి.

మొదటి వారం: తప్పు చేతిదా, వైరుదా?

రాడ్డు 6013, 2.5 మి.మీ., పొడవు 350. అమెరికన్ పద్ధతిలో 60 అంటే పడిన లోహం చదరపు అంగుళానికి 60 వేల పౌన్ల లాగుడు తట్టుకుంటుందని అర్థం. తర్వాతి 1 అంకె అన్ని భంగిమల్లో వాడొచ్చని చెబుతుంది. చివరి రెండంకెలు కలిపి చూస్తే పూత ఏ రకమో, ఏ కరెంటుకు పనికొస్తుందో తెలుస్తుంది. 6013 పూత రూటైల్ రకం. ఆర్క్ మెత్తగా ఉంటుంది, మళ్లీ రాజేయడం తేలిక, తేమ విషయంలో అంత పేచీ పెట్టదు. 7018 గట్టి రాడ్డే, కానీ పొడిగా ఉంచాలి. తెరిచి వదిలేసిన ప్యాకెట్టును 300 డిగ్రీలకు పైన ఓవెన్లో ఎండబెట్టాలి. మొదటి నెలలో దాని జోలికి పోనక్కర్లేదు. 2.5 రాడ్డు ఒకటి దాదాపు 20 గ్రాములు. రెండున్నర కిలోల ప్యాకెట్టులో 125 పైచిలుకు వస్తాయి, సాధనకు అలాంటివి రెండు పెట్టుకోవాలి.

సాధనకు 6 మి.మీ. మందం, 50 వెడల్పు ఉన్న ఫ్లాట్ పట్టీని 150 మి.మీ. ముక్కలుగా కోసుకున్నారు. మొదటి మూడు పూటలూ రాడ్డు అతుక్కోవడంతోనే గడిచాయి. అగ్గిపుల్ల గీసినట్టు గీసి, వెంటనే రెండు మిల్లీమీటర్లు ఎత్తి పట్టుకోవాలి. అతుక్కుంటే మణికట్టు తిప్పి విదిలించాలి, రాకపోతే హోల్డర్ నొక్కి రాడ్డును వదిలేయాలి. పూత రాలిన రాడ్డుతో మళ్లీ గీస్తే ఆర్క్ ఒక పక్కకు ఊగుతుంది. ఆ భాగాన్ని వేరే తుక్కు ముక్క మీద కాల్చేసి మొదలుపెట్టడం మేలు.

నాలుగో పూటకు గీయడం కుదిరింది, ఆర్క్ మాత్రం నిలవలేదు. ఒక క్షణం బలంగా, మరుక్షణం నీరసంగా. చెయ్యి వణుకుతోందని ఆమె అనుకున్నారు. సాకెట్ దగ్గర మల్టీమీటర్ చూపింది 226 వోల్టులు. మెషిన్ దగ్గర ఆర్క్ నడుస్తుండగా కొలిస్తే 207. మధ్యలో ఉన్నది 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్, 1 స్క్వేర్ ఎంఎం వైరు. ఆ వైరు రాగి కిలోమీటరుకు 18 ఓములు. రానుపోను 40 మీటర్లంటే 0.72 ఓము, 17 ఆంప్స్ పారితే 12 వోల్టులు అందులోనే ఆవిరి. మిగతాది గోడలోని వైరింగు, బయటి లైను తినేశాయి. పైగా ఆ వైరు డ్రమ్ముకు చుట్టే ఉంది. పొరల మధ్య వేడి బయటికి పోక, చేత్తో పట్టుకుంటే చురుక్కుమంది. ఇంకాసేపు నడిస్తే ఇన్సులేషన్ కరిగేది.

10 మీటర్ల 2.5 స్క్వేర్ వైరు తెచ్చి, పూర్తిగా విప్పి పరిచారు. మెషిన్ దగ్గర 217కు పెరిగింది. ఆర్క్ కుదుటపడింది.

ఇదే పూట మరో చిన్న దొంగ దొరికింది. అందరూ ఎర్త్ అని పిలిచే క్లాంపును రంగు వేసిన బల్ల కాలికి తగిలించారు. అది ఎర్త్ కాదు, ఆర్క్ కరెంటు తిరిగి మెషిన్‌కు చేరే దారి. రంగు మీద, తుప్పు మీద బిగిస్తే కొనల మీదే నిలబడి వేడెక్కుతుంది. జాయింటుకు దగ్గరగా, గ్రైండర్‌తో తెల్లగా తీసిన లోహం మీద బిగించాలి.

కన్ను

రెండో వారంలో బీడ్ గీత తప్పుతూ వచ్చింది. సుద్దతో గీసిన గీత వెంట పోవాల్సిన బీడ్, పాము పోయినట్టు పోయింది. సాధన చాలలేదని సరిపెట్టుకోవడం తేలిక. హెల్మెట్ తీసి చూస్తే షేడ్, అంటే అద్దం నలుపు ఎంతో చెప్పే అంకె, 12 మీద ఉంది, ముందు అద్దం నిండా చిటపటల మచ్చలు. 60 నుంచి 160 ఆంప్స్ స్టిక్ పనికి షేడ్ 10 సరైన మొదలు. 12 దగ్గర ఆర్క్ వెలుగు తప్ప ఏమీ కనబడదు. ఆర్క్ వెలగగానే దానంతటదే నల్లబడే ఆటో డార్కెనింగ్ హెల్మెట్‌లో అతినీల లోహిత, పరారుణ కిరణాలను ఆపే పొర ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, షేడ్ అంకె మారిస్తే మారేది కంటికి కనబడే వెలుగే. ఆమెకు దగ్గరి చూపు అద్దాలు కూడా అవసరం. హెల్మెట్ లోపల అమర్చే +2 భూతద్దం పెట్టాక తేడా ఒక్క రాడ్డులోనే కనబడింది. నలభై దాటిన కొత్త వెల్డర్ల ‘చెయ్యి కుదరడం లేదు’ అన్న ఫిర్యాదు కొన్నిసార్లు ఇలా కంటి దగ్గరే తీరిపోతుంది.

కనబడడం మొదలయ్యాక ఎటు చూడాలన్నది తర్వాతి సంగతి. కొత్తవాళ్లు ఆర్క్‌ను చూస్తారు. చూడాల్సింది దాని వెనక ఉన్న కరిగిన మడుగును. లోహం అద్దంలా నున్నగా నిలుస్తుంది, స్లాగ్ దాని మీద కదలాడే పొరలా తేలుతుంది. ఆ పొర మడుగు వెనక ఉంటే పని సరిగ్గా సాగుతున్నట్టు. ముందుకు పాకి ఆర్క్ కిందికి చేరితే, ఆ చోట లోహానికీ ప్లేటుకూ మధ్య స్లాగ్ ఇరుక్కుంటుంది.

వేగం కుదిరిందో లేదో చూడ్డానికి ఒక కొలత పెట్టుకున్నారు. ఒక 2.5 రాడ్డు, చేతికి 50 మి.మీ. మొండి ముక్క మిగిలేదాకా కాలిస్తే, 150 మి.మీ. ముక్కను చివరిదాకా నింపాలి. బీడ్ వెడల్పు 6 నుంచి 8 మి.మీ. లోపల ఉండాలి. 100 దగ్గరే రాడ్డు అయిపోతే నడక నెమ్మదిగా ఉన్నట్టు, లోహం కుప్పపడుతోంది. రాడ్డు ఇంకా మిగిలి ఉండగానే ముక్క దాటిపోతే బీడ్ సన్నగా, అలలు బాణపు ములుకుల్లా కోసుగా ఉంటాయి. కోణం, అంటే రాడ్డును నడిచే దిక్కుకు నిలువు నుంచి 10–20 డిగ్రీలు వాల్చడం. ఆర్క్ నిడివి రాడ్డు మందానికి మించకూడదు. 6013తో పూత అంచు ప్లేటుకు ఆనించి ఈడ్చినా నడుస్తుంది, కొత్తవాళ్లకు అదే మంచి ఊతం.

విరిగిన టీ

మూడో వారం. బీడ్లు బాగా వస్తున్నాయి, పైపు మీద కూడా చెయ్యి వేశారు. 2 మి.మీ. గోడ 85 ఆంప్స్‌కు బొక్కలు పడింది. తగ్గించుకుంటూ 65 దగ్గరికి వచ్చారు, బొక్కలు ఆగాయి. అదే 65 మీద 6 మి.మీ. ముక్కలతో టీ జాయింటు వేశారు. బీడ్ చక్కగా వచ్చింది. అదే మొదట్లో చెప్పిన ముక్క.

పరీక్ష పద్ధతి ఇది. టీ జాయింటుకు ఒక పక్కే వెల్డ్ వేయాలి. అడుగు ప్లేటును వైస్‌లో బిగించి, నిలువు ప్లేటును వెల్డ్ ఉన్న వైపుకు మడిచేలా సుత్తితో కొట్టాలి. అప్పుడు మూల తెరుచుకుంటుంది, లోపలి గుట్టు బయటపడుతుంది. కంటికి అద్దాలు తప్పనిసరి, విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. బాగా కరిగిన జాయింటు విరగకుండా మడుచుకుంటుంది. విరిగినా బీడ్ మధ్యలోంచి, బూడిద రంగు గరుకు ముఖంతో విరుగుతుంది. ఈ ముక్కలో ఆ గరుకు ముఖం అంచుల వెంట రెండు సన్నని చారలకే పరిమితమైంది.

కారణాలు నాలుగు కలిసి వచ్చాయి. కరెంటు తక్కువ, ఇది ప్రధానం. 6 మి.మీ. టీ జాయింటులో వేడి మూడు దిక్కులకు పారిపోతుంది, అదే మందం ఫ్లాట్ మీద రెండు దిక్కులకే. కాబట్టి ఫ్లాట్ మీద 85 చాలితే టీ జాయింటుకు 90–95 కావాలి, ఆమె పెట్టింది 65. రెండోది, ఆర్క్ పొడవు. మూలలో బాగా కనబడాలని రాడ్డును పైకెత్తారు. ఎత్తిన ఆర్క్ రెండు గోడల మీదికి చీలిపోతుంది, మూలను తాకదు. మూడోది, మిల్లు పొరను గ్రైండ్ చేయలేదు. నాలుగోది చిన్నదే, బల్ల ఒక పక్కకు వాలి ఉండడంతో స్లాగ్ ముందుకు పారింది.

మరి అలాంటి బీడ్ అంత అందంగా ఎలా వచ్చింది? తక్కువ కరెంటులో మడుగు చిన్నగా, త్వరగా గడ్డకట్టేదిగా ఉంటుంది, అందుకే అలలు దగ్గరదగ్గరగా పడతాయి. అందం మడుగు పైముఖం గురించి చెబుతుంది, మూల గురించి చెప్పదు. ఒక ఆనవాలు మాత్రం పైనే ఉంది, తెలిస్తే పట్టుకోవచ్చు. బీడ్ ఉబ్బెత్తుగా, తాడులా ఉండి, అంచు దగ్గర ప్లేటు మీద ‘కూర్చున్నట్టు’ ఉంటే అనుమానించాలి. కరిగిన బీడ్ అంచు ప్లేటులోకి ఒరిగి కలిసిపోతుంది.

సరిదిద్దిన తీరు: జాయింటుకు అటూఇటూ 20 మి.మీ. మేర మిల్లు పొర తీసేశారు. బల్లను రసమట్టంతో సరిచేశారు. కరెంటు 95. రెండు ప్లేట్ల మధ్య రాడ్డు 45 డిగ్రీలు, పూత అంచు మూలకు ఆనించి ఈడుపు. మడుగు రెండు ప్లేట్లనూ ఒకేసారి తడిపే దాకా మొదట్లో ఒక క్షణం ఆగి అప్పుడు కదలడం. నిలువు ప్లేటు మీద, బీడ్ పై అంచు వెంట, సన్నని గాడి పడింది. అదే అండర్‌కట్. రాడ్డు మొనను నిలువు ప్లేటు వైపుకు ఎక్కువ తిప్పితే, లేదా ఆర్క్ ఎత్తుగా ఉంటే అది వస్తుంది. కోణాన్ని అడుగు ప్లేటు వైపు కాస్త మార్చగానే పోయింది. రెండో ముక్క సగం దాకా మడిచాక బీడ్ మధ్యలో చీలింది. మూడో ముక్క పూర్తిగా మడుచుకుంది, పగలలేదు. నాలుగోదాన్ని అడ్డంగా రంపంతో కోసి, నున్నగా ఆకురాయి పట్టి చూశారు. మూల దగ్గర చీలిక గీత లేదు.

ఈ పరీక్ష మొదటి వారంలోనే మొదలుపెట్టాల్సింది. మూడు వారాల పాటు బీడ్‌ను పైనుంచే చూసి మురిసిపోవడంతో 40 రాడ్లు వృథా అయ్యాయి.

పైపు, ప్లేటు కలిసే చోట

పైపుకు పైపు అతకడానికి 2.5 రాడ్డే 60–65 ఆంప్స్ మీద, రాడ్డును మైనస్‌కు తగిలించి వాడారు. 6013 రెండు ధ్రువాలకూ పనిచేస్తుంది, పల్చటి లోహానికి మైనస్ మర్యాదగా ఉంటుంది. 2.0 రాడ్డు 50–55 మీద ఇంకా సులువు, దొరికితే అదే వాడాలి. సందు 1 మి.మీ. దాటితే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకూ బొక్క తప్పదు. ఇక్కడ వడ్రంగం అక్కరకొచ్చింది, ఆమె కోతలు కాగితం కూడా దూరనంత బిగువుగా వచ్చాయి. బొక్క పడితే అందులోకే రాడ్డు పెట్టి తిప్పకూడదు, పెద్దదవుతుంది. ఆర్క్ ఆపి, ఎరుపు చల్లారి, స్లాగ్ తీశాక, అంచు మీద చుక్క పెట్టి ఆపాలి. మళ్లీ ఎదుటి అంచు మీద చుక్క. నాలుగైదు చుక్కల్లో మూసుకుపోతుంది.

పైపును ప్లేటుకు అతికే జాయింటులో 65, 95 రెండూ పనికిరావు. 80 పెట్టి, ఆర్క్‌ను ప్లేటు మీదే రాజేసి, మడుగు తయారయ్యాక దాని అంచును పైపు వైపుకు తాకించి వెనక్కి తెచ్చారు. ఆర్క్ కాలంలో మూడింట రెండొంతులు ప్లేటు మీద, ఒక వంతు పైపు మీద. వెల్డ్ పరిమాణాన్ని నిర్ణయించేది పల్చటి భాగమే, వెల్డ్ కాలు, అంటే మూల నుంచి బీడ్ అంచు దాకా ఉన్న దూరం, 3–4 మి.మీ. చాలు. అంతకు మించి వేస్తే బలం పెరగదు, వేడి, వంకర మాత్రం పెరుగుతాయి. పైపు మూలల దగ్గర మొదలుపెట్టడం, ఆపడం చేయకూడదు. పక్క మధ్యలో మొదలుపెట్టి మూలను చుట్టి అవతలి పక్క మధ్యలో ఆపాలి. మొదలూ చివరా బలహీన చోట్లు, వాటిని మూలల్లో పేర్చకూడదు.

రెండు వైపులా మూసిన పైపుతో ఒక వింత జరిగింది. చివరి అర అంగుళం దగ్గర ఎన్నిసార్లు వేసినా బుస్సుమని బొక్క పడుతోంది. లోపలి గాలి వేడెక్కి, మిగిలిన ఒక్క దారిలోంచి మడుగును తోసుకుని వస్తోంది. లోపలి వైపు 3 మి.మీ. రంధ్రం వేశాక ఆగింది. జింకు పూత ఉన్న పైపైతే అలాంటి మూసిన పని అసలు పెట్టుకోకూడదు. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, దాని పొగతో కొన్ని గంటల తర్వాత చలి జ్వరం వస్తుంది. ఇక్కడ నల్ల పైపే వాడారు.

నిప్పు

చెక్కపని షెడ్డులో ఇది పక్కకు నెట్టే సంగతి కాదు. మూడు మీటర్ల చుట్టూ నేల ఊడ్చి, తడిపి పని మొదలుపెట్టేవారు. నిప్పురవ్వలు అంతకన్నా దూరమే ఎగురుతాయి, అందుకే చెక్కల గుట్టకు అడ్డంగా రేకు నిలబెట్టారు. డస్ట్ కలెక్టర్ ఆపి, గొట్టం నోరు మూత పెట్టారు. ఒక్క నిప్పురవ్వ లోపలికి పోతే సంచిలోని పొట్టు గంటల తరబడి లోలోపల రాజుకుని, షెడ్డు తాళం వేశాక మండుతుంది. వెల్డింగ్, గ్రైండింగ్ సాయంత్రం ఆపేసి, గంటసేపు అక్కడే వేరే పని చేసుకునేవారు. నూలు బట్టలు, తోలు గ్లవ్స్, మడత లేని ప్యాంటు అంచు. జిడ్డు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ ముట్టుకోలేదు. దాని ఆవిరి ఆర్క్ దగ్గర ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. సబ్బునీళ్లు, పొడి బట్ట, గ్రైండర్ చాలు.

స్టాండు

600 × 500 ఫ్రేముకు కర్ణం 781 మి.మీ. రావాలి. నాలుగు మూలల్లో 8–10 మి.మీ. ట్యాకులు (ముక్కలను తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డ్‌లు) వేసి కొలిస్తే రెండు కర్ణాలూ 781. ఆ తర్వాత ఒక మూలను పూర్తిగా వెల్డ్ చేసి మళ్లీ కొలిస్తే 4 మి.మీ. తేడా. చల్లారే లోహం కుంచించుకుంటూ తన వైపుకు లాగుతుంది. ఒకే మూలలో, ఒకే ముఖం మీద పని ముగిస్తే ఆ లాగుడుకు ఎదురులేదు. మిగిలిన మూడు మూలల ట్యాకులు కోసి, సరిచేసి, అడ్డంగా ఒక పట్టీని తాత్కాలికంగా ట్యాక్ చేశారు. తర్వాత ఒక మూలలో ఒక ముఖం, దాని ఎదురు మూలలో ఒక ముఖం, ఇలా మార్చి మార్చి వేశారు. చివరి తేడా 1 మి.మీ.

కాళ్ల దగ్గర ఇది ఇంకా కటువుగా కనబడింది. 40 మి.మీ. ముఖం మీద వెల్డ్ లాగే లాగుడు 0.3 మి.మీ. మాత్రమే అనుకుందాం. కాలు 700 పొడవు, అంటే పైపు వెడల్పుకు పదిహేడున్నర రెట్లు. అడుగున అది 5 మి.మీ. వాలుగా తేలుతుంది. మొదటి కాలు సరిగ్గా అంతే లోపలికి వాలింది. బయటి ముఖం మీద బీడ్ వేసి వెనక్కి లాగించారు. మిగతా మూడు కాళ్లకు ముందు బయటి ముఖం, తర్వాత లోపలి ముఖం వేశారు. కాళ్లను అడుగున పట్టీలతో ముడేసి పెట్టారు.

మూలల్లో ఆర్క్ ఒక పక్కకు ఊగి చిటపటలాడడం కూడా ఇక్కడే మొదలైంది. పైపులను పట్టి ఉంచడానికి పెట్టిన అయస్కాంతపు మూలమట్టాలే దానికి కారణం. డీసీ ఆర్క్‌ను అయస్కాంతం పక్కకు నెడుతుంది. ట్యాక్ పడగానే వాటిని తీసేస్తే సరి.

రంగు వేసేముందు ప్రతి బీడ్ మీదా స్లాగ్ చివరి పొరదాకా తీశారు. గాజులాంటి ఆ పెచ్చు మీద రంగు నిలవదు. దానితోనే కలిసి రాలిపోతుంది. ఆ బ్రషింగ్ చేస్తుండగా ఎడమవైపు వెనక కాలి ప్లేటు దగ్గర, బీడ్ ముగిసిన గుంటలో సూదిమొనంత రంధ్రం, దాని నుంచి వెంట్రుకవాసి పగులు కనబడ్డాయి. రాడ్డును చటుక్కున ఎత్తేసిన చోటు అది. గుంటను గ్రైండర్‌తో పగులు అంతమయ్యే దాకా తీసి, ఆర్క్ ఆపేముందు ఒక క్షణం వెనక్కి తెచ్చి గుంటను నింపి, మళ్లీ వేశారు. బ్యాండ్‌సా ఎక్కించింది ఆ తర్వాతే.